తాగుబోతు సరంగు కథ రాస్తే తప్పా?

ప్రశ్న: మాది అవనిగడ్డ దగ్గర పల్లె. సండే స్కూల్లో పాఠాలు చెబుతాను. వారపత్రికలో నా కథ పడింది. అందులో కుంటికాలి తాగుబోతు సరంగు, అతని బూతులు ఉన్నాయి. లోకసంబంధమైన రాతలు మానేయమంటున్నారు సంఘ పెద్దలు. ఏం చేయను?

జవాబు: మానకండమ్మా. లూకా 15 తీయండి: ఆస్తంతా తగలేసి, పందులు తినే పొట్టుకు ఆశపడ్డ కొడుకు. 16లో యజమాని సొమ్ము పాడుచేసిన గృహనిర్వాహకుడు. ఇద్దరి కథలూ చెప్పింది యేసే. ఎస్తేరు గ్రంథం హీబ్రూ మూలంలో దేవుడి పేరే రాదు, అయినా బైబిల్లో ఉంది.

మనవాళ్లలో కవి జాషువాను చూడండి. పుట్టుకతో క్రైస్తవుడు. 'గబ్బిలం'లో ఆయన నాయకుడు తన మొర పంపింది కాశీ విశ్వనాథుడికి! 'క్రీస్తు చరిత్ర' రాసిందీ ఆ చేయే. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చింది.

కథ మళ్లీ అచ్చుకిస్తే, చివర్లో సరంగు చేత మారుమనస్సు పొందించి పెద్దల్ని ఊరడించాలని మాత్రం చూడకండి. కథ చస్తుంది, సాక్ష్యమూ అతకదు. ఒక్క విషయంలో నాకూ బెంగే: అతను మీ రేవులో ఫలానా మనిషని ఊరు పోల్చుకుంటుందా? అయితే ఈసారి కథలో ఊరు మార్చండి, కుంటికాలు తీసేయండి. అతనికీ పిల్లలుంటారు, వాళ్లు మీ సండే స్కూలుకే రావచ్చు. పత్రిక పాస్టరుగారికి మీరే ఇచ్చి చదివించండి. వద్దన్నవాళ్లలో కథ చదివినవాళ్లెందరో నాకు అనుమానమే.