జీతం అడిగేముందు

పాపా,

నీతో చదివిన అబ్బాయికి అదే కంపెనీలో నీకంటే ఎక్కువ జీతం రాశారని, "ఆడపిల్లననేనా?" అని అడిగావు. బెంగళూరులోని మీ కంపెనీ సంగతి ఇక్కణ్ణుంచి నేనేం తేల్చగలను? కానీ తేడా ఏ దారిన వచ్చిందో పట్టుకుంటేనే ఏం అడగాలో తెలుస్తుంది.

మన తెక్కలకోట మడికట్లే చూడు. తుంగభద్ర కాలువకు నీళ్లొదిలితే నాట్లకు దిగేది ఆడవాళ్లే. ఎడమచేతిలో నారు కట్ట, కుడిచేత్తో రెండు మూడు మొక్కలు విడదీసి గుచ్చడం, ఒక్కో అడుగూ వెనక్కి వెయ్యడం. లోతుగా గుచ్చితే పిలకలు తగ్గుతాయి, పైపైన పెడితే మొక్క నీళ్లకు తేలిపోతుంది. అయినా గట్టు చెక్కేవాడికే కూలి ఎక్కువ. అదేమంటే మగపని బరువంటారు. బస్తాలు మోయడం బరువే, కాదనను. పొద్దుగూకేదాకా వంగిన నడుముకు ఎంత బరువో ఎవరూ తూకమెయ్యలేదు మరి! అదే ఆడవాళ్లు గుంపుగట్టి ఎకరాకింతని గుత్తకు ఒప్పుకుంటే, రైతు బేరమాడేది పని మీదే. ఉద్యోగ ఖాత్రి (ఉపాధి హామీ) పనుల్లోనూ అంతే: 2024-25లో కర్ణాటకలో రోజుకు 349 రూపాయలు, ఎవరికైనా.

ఆఫీసుల్లో ఈ తేడాను హోదా పేరుతో దాస్తారు. బొంబాయిలో మెకిన్నన్ మెకంజీ కంపెనీ ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫర్‌కు మగ స్టెనోల కంటే తక్కువిచ్చి, ఆడ స్టెనోలది వేరే కోవ అంది. పని ఒకటే అయినప్పుడు ఆ మాట చెల్లదనీ, స్తోమత లేదన్న సాకూ కుదరదనీ 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికి ఉన్నది 1976 నాటి సమాన వేతన చట్టం. ఆ రక్షణ 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది.

తేడా వచ్చే ఇంకో దారి ముందుంది. 2023లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్ తేల్చిందేమంటే, ఈ కాలంలో తేడా ఎక్కువగా మొదటి కాన్పుతో మొదలవుతుంది. రాత్రీపగలూ అందుబాటులో ఉండేవాళ్లకే పెద్ద జీతాలు, ఇల్లు చూసుకునేవాళ్లు వెనకబడతారు. పెళ్లి మాటలప్పుడు బంగారంతో పాటు ఇదీ మాట్లాడుకోవాలి. నవ్వకు.

ఇప్పటికి మాత్రం హెచ్‌ఆర్‌కు మెయిల్ రాయి. నీ గ్రేడేమిటి, ఆ గ్రేడుకు జీతం ఎంత నుంచి ఎంత దాకా, నిన్ను ఏ లెక్కన అక్కడ పెట్టారు, ఇవే అడుగు. ఆ అబ్బాయి పేరెత్తకు. వాడికి ముందే ఏదైనా అనుభవం ఉందేమో వాణ్ణే కనుక్కో. జవాబొచ్చేదాకా ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకు. "ఆడపిల్లకు ఎంతిస్తే అంత చాల్లే" అని మీ నాయన అంటాడు. వాడితో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెదనాయన