అందరూ చూస్తున్నారు, మరి ఎవరు కదలాలి? జటాయువు చెప్పే పాఠం



ఈ వారం వీడియోలో అరణ్యకాండలోని జటాయువు ఘట్టం చెప్పుకున్నాం కదా. అందులో టైం సరిపోక వదిలేసిన ఒక విషయం ఇక్కడ రాస్తున్నాను. కళ్ళ ముందు ఒక మనిషి ఆపదలో ఉంటే మంచివాళ్ళు కూడా ఎందుకు ఆగిపోతారు? కదిలేవాళ్ళని కదిలించేది ఏమిటి?

ముందు మన పలాసలోనే జరిగిన రెండు సంఘటనలు చూద్దాం.

2020 జూన్. కరోనా భయం బాగా ఉన్న రోజులు. పలాసలో 70 ఏళ్ళు దాటిన ఒక పెద్దాయన చనిపోయారు. కరోనా అని తెలిసేసరికి దగ్గరికి రావడానికి అందరికీ భయం. చివరికి ఆయన మృతదేహాన్ని జేసీబీలో పెట్టి తరలించారు. ఆ వీడియో దేశమంతా చూసింది. ఇద్దరు మున్సిపల్ అధికారులు సస్పెండ్ అయ్యారు.

2021 ఫిబ్రవరి 1. అదే పలాస మండలం, అడవికొత్తూరు పొలాల్లో గుర్తు తెలియని ఒక వృద్ధుడి మృతదేహం కనిపించింది. మోయడానికి ఊళ్ళోవాళ్ళు వెనకాడారు. అప్పుడు కాశీబుగ్గ ఎస్సై శిరీష గారు స్ట్రెచర్ ఒక వైపు తన భుజానికి ఎత్తుకుని, పొలం గట్ల మీద కిలోమీటరుకు పైగా నడిచారు. లలితా చారిటబుల్ ట్రస్టు వాళ్ళకి అప్పగించి, అంత్యక్రియలకి కూడా సాయపడ్డారు.

రెండిటికీ మధ్య తేడా ఎనిమిది నెలలు కూడా లేదు. ఊరు అదే, మనుషులూ అలాంటివాళ్ళే. ఒకచోట ఎవరూ చెయ్యి వెయ్యలేదు, ఇంకోచోట ఒకరు వేశారు. రెండుచోట్లా అప్పటికే ప్రాణం పోయింది. ప్రాణం ఇంకా ఉన్న మనిషి విషయంలో ఇలాగే ఆగిపోతే నష్టం ఎంతో ఆలోచించండి.

"కలికాలం అండీ, జనంలో జాలి పోయింది" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. కానీ అసలు కారణం వేరే ఉంది.

1968లో అమెరికాలో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థుల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి మైకులో మాట్లాడించారు. మధ్యలో ఒక గొంతు "నాకు ఫిట్స్ వస్తున్నాయి, సాయం చెయ్యండి" అన్నట్టు తడబడింది. వింటున్నది నేనొక్కడినే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది, ఆ గొంతు ఆగిపోయేలోపే లేచి వెళ్ళి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్ళలో అలా లేచింది 31 శాతమే. వాళ్ళకేమీ జాలి లేక కాదు. చేతులు వణుకుతూ, "ఆ అబ్బాయికి ఎలా ఉంది?" అని అడిగినవాళ్ళు ఉన్నారు. నలుగురూ ఉన్నారులే, ఎవరో ఒకరు వెళ్ళుంటారు అనుకున్నారు, అంతే.

ఐటీలో పనిచేసేవాళ్ళకి ఇది రోజూ చూసేదే. "సర్వర్ డౌన్ అయింది, ఎవరైనా చూడండి" అని 40 మంది ఉన్న గ్రూపులో పెడితే అందరూ చదువుతారు, ఎవరూ చూడరు. అదే టికెట్ ఒక పేరు మీద పడితే ఐదు నిమిషాల్లో కదలిక వస్తుంది.

రెండో కారణం: ఏం జరుగుతోందో తెలియక అందరం పక్కవాళ్ళ మొహం చూస్తాం. వాళ్ళు మన మొహం చూస్తారు. అందరూ నిదానంగా కనిపిస్తారు కాబట్టి "పెద్ద ప్రమాదమేమీ కాదేమో" అని అందరికీ అనిపిస్తుంది.

మూడోది తొందర. 1973లో ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుతున్న విద్యార్థుల మీద ఒక ప్రయోగం జరిగింది. ప్రసంగం చెయ్యడానికి వెళ్తుంటే దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉంటాడు. తొందర లేనివాళ్ళలో 63 శాతం మంది ఆగారు. ఆలస్యమైందన్నవాళ్ళలో 10 శాతమే. కొందరి ప్రసంగం అంశం ఏమిటో తెలుసా? దారిలో గాయపడినవాడికి సాయం చేసిన మనిషి కథ! గుడికి ఆలస్యమవుతోందని పరుగెత్తే మనం కూడా ఒకసారి ఆగి ఆలోచించాలి.

ఇప్పుడు జటాయువు దగ్గరికి వద్దాం. రావణుడు ఎత్తుకుపోతుంటే సీతమ్మ ముందు జనస్థానంలోని చెట్లని, గోదావరిని, వనదేవతల్ని, మృగాల్ని, పక్షుల్ని వేడుకుంటుంది, రాముడికి చెప్పమని. ఆ తర్వాత చెట్టు మీద ఉన్న జటాయువు కనిపిస్తాడు. అప్పుడు ఆయన్ని పేరు పెట్టి పిలుస్తుంది. నిద్రలో ఉన్న ఆ ముసలి పక్షి ఆ పిలుపుకి లేచాడు.

సీతమ్మ జటాయువుని యుద్ధం చెయ్యమని అడగలేదు. రావణుణ్ణి నువ్వు ఆపలేవు, జరిగింది రామలక్ష్మణులకి చెప్పు అంది. అయినా ఆయన ఎదురు నిలిచాడు, రథం విరగ్గొట్టాడు, రెక్కలు పోగొట్టుకున్నాడు. సీతమ్మని విడిపించలేకపోయాడు. కానీ కొన ఊపిరితో రాముడికి కబురు అందించాడు. ఆ సాయాన్ని రాముడు ఓటమిగా చూడలేదు. తండ్రికి చేసినట్టు తన చేతులతో దహనం చేసి, గోదావరిలో తర్పణం వదిలాడు.

ఇందులో మనకి రెండు సూత్రాలు ఉన్నాయి. ఒకటి, ఆపద వస్తే గుంపుని కాకుండా ఒక మనిషిని పిలవాలి. రెండు, కబురు చేరవెయ్యడం కూడా సాయమే. మనందరం రావణుడితో పోరాడక్కర్లేదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. డయాలసిస్ చేయించుకుని ఉద్దానంలో తన ఊరికి వెళ్ళాల్సిన ఒక పెద్దాయన కాశీబుగ్గ బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోయారు. చుట్టూ 30 మంది. మీరు చెయ్యాల్సింది ఇది:

1. పక్కవాళ్ళ మొహాలు చూడకండి. నేరుగా వెళ్ళి "తాతగారూ, వినిపిస్తోందా?" అని అడగండి. మీరు కదిలితే ఇంకో ఇద్దరు కదులుతారు.

2. "ఎవరైనా ఫోన్ చెయ్యండి" అనొద్దు. "నీలం చొక్కా బాబూ, నువ్వు 108కి ఫోన్ చెయ్యి. అక్కా, మీరు జనాన్ని కొంచెం వెనక్కి పంపండి" అని ఒక్కొక్కరికి ఒక పని చెప్పండి.

3. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన పక్కనే ఉండండి. చేతిలో ఆసుపత్రి చీటీ ఉంటే సిబ్బందికి చూపించండి.

టెక్కలి, పలాస మీదుగా పోయే హైవే మీద యాక్సిడెంట్ చూస్తే చాలామందికి ఇంకో భయం: "పోలీస్ కేసులో ఇరుక్కుంటామేమో." సాయం చేసినవాళ్ళని వేధించకూడదన్న మార్గదర్శకాలకి 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఆమోదం ఇచ్చింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 134ఎ సెక్షన్ కూడా వచ్చింది. మంచి మనసుతో సాయం చేసినవారి మీద, పొరపాటున బాధితుడికి ఏదైనా జరిగినా, కేసు పెట్టడానికి లేదు. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పండి.

ఈ వారం సాధన చిన్నదే. రోజూ పూజ అయ్యాక ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, మీరు రోజూ వెళ్ళే ఒక చోటు గుర్తు తెచ్చుకోండి. బస్టాపు, మెట్రో స్టేషను, ఆఫీసు మెట్లు, ఏదైనా సరే. అక్కడ ఒకరు పడిపోతే మీరు వేసే మొదటి అడుగు ఏమిటి, ఎవరిని ఏమని పిలుస్తారు అని మనసులో అనుకోండి. ముందే అనుకుని ఉంటే ఆ క్షణం వచ్చినప్పుడు పక్కవాళ్ళ మొహం చూడాల్సిన పని ఉండదు.

వచ్చే వారం శబరి ఘట్టంతో కలుద్దాం. జై శ్రీరామ్.