శ్లాబు వేయకముందే ఆలోచించండి

ప్రశ్న: ఖమ్మంలో 150 గజాల వెస్ట్ ఫేసింగ్ స్థలంలో ఇల్లు మొదలుపెడుతున్నాం. వేసవంతా ఏసీ మీదే ఆధారపడకుండా ఎలా కట్టుకోవాలి?

జవాబు: ముందు పైకప్పు సంగతి చూడండి. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. శ్లాబు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. ఫ్యాను వేసినా వేడిగాలే తగలడానికి కారణం ఇదే. వాటర్‌ప్రూఫింగ్ చేయించి, వేడిని ఆపే ఫోమ్ షీట్లు పరిచి, పైన తెల్ల టైల్స్ వేయించండి. తక్కువ ఖర్చులో కావాలంటే తెల్ల కూల్‌రూఫ్ పెయింటు ఉంది. కానీ దుమ్ము పట్టి మాసిపోతే దాని పని తగ్గిపోతుంది, ఏటా ఎండలు ముదరకముందే కడిగించాలి.

తర్వాత పడమటి గోడ. సాయంత్రపు ఎండ ఏటవాలుగా సన్‌షేడ్ కింద నుంచి దూరుతుంది. అందుకే ముందువైపు లోతైన వరండా, మెట్లు పెట్టమంటాను. పెద్ద పడకగది నైరుతిలోనే ఉండాలంటారు వాస్తు చూసేవాళ్లు. సాయంత్రం బాగా ఉడికిపోయేదీ ఆ మూలే! తప్పదంటే ఆ గోడలు వేడిని అంతగా లోపలికి పంపని ఏఏసీ బ్లాకులతో (తేలిక కాంక్రీటు ఇటుకలతో) కట్టించి, పడమటి కిటికీ చిన్నది పెట్టి, బయటివైపు వెదురు తడిక కట్టండి. లోపలి కర్టెన్‌తో లాభం తక్కువ, వేడి అప్పటికే అద్దం దాటేసి ఉంటుంది.

ఇంట్లో చేరాక వేసవిలో పగలు కిటికీలు మూసి, రాత్రి ఎదురెదురుగా ఉన్నవి తెరవండి.

ప్లాన్ ఖాయం చేసేముందు ఒకసారి ఆర్కిటెక్టుకు చూపించండి. టైల్స్ బరువు సంగతి స్ట్రక్చరల్ ఇంజినీరుకు ముందే చెప్పాలి. శ్లాబు చెమ్మగిల్లినా, పగుళ్లు కనిపించినా పైన ఏదీ పరచకుండా ఆయన్ను పిలిపించండి.