విశ్వం పుట్టినప్పుడు ఎవరు చూశారు?



పోయిన దసరా సెలవులకు ముందు మేము హాస్టల్‌కు వచ్చిన రోజు రాత్రి కరెంటు పోయింది. స్టడీ అవర్ ఆగిపోయి అందరం డాబా మీదికి చేరాం. "ఎమ్మెస్సీ ఫిజిక్స్ అన్న వచ్చాడు కదా, చుక్కల గురించి చెప్పించుకోండి" అన్నారు వార్డెన్ సార్. విశ్వం వయసు సుమారు 1380 కోట్ల సంవత్సరాలు అని మేము మొదలుపెట్టామో లేదో, తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు లేచి "అన్నా, అప్పుడు ఎవరు చూశారు?" అని అడిగాడు. అందరూ నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ తరగతిలో ఉన్నప్పుడు మా మనసులోనూ ఇదే ప్రశ్న ఉండేది. అడగడానికి భయపడ్డాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. "ఇది ఎలా తెలిసింది?" అని అడగడం కూడా చదువేనని చెప్పేవాళ్ళు మాకు ఇంట్లో లేరు.

ఆ రాత్రి కరెంటు తొందరగానే వచ్చింది. జవాబు సగంలో ఆగిపోయింది. మిగతాది ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాం.

వెలుగు తెచ్చే పాత కబురు

మన సీనియర్ అన్నల కాలంలో ఇంటి నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చేది. చేతికి అందేది ఈ రోజే అయినా, అందులో ఉండేది నాలుగు రోజుల కిందటి సంగతి. వెలుగు కూడా అలాంటి ఉత్తరమే. అది సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి, మనం చూసేది 8 నిమిషాల కిందటి సూర్యుణ్ణి. మన పెద్దలు పిల్లలకోడి అని పిలిచే కృత్తికల గుంపు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఈ రోజు మన కంట పడే ఆ వెలుగు, 1591లో చార్మినార్ కట్టిన రోజులకు కాస్త అటూ ఇటూగా బయలుదేరింది. ఎంత దూరం చూస్తే అంత గతం కనిపిస్తుంది. తమ్ముడి ప్రశ్నకు ఇది మొదటి జవాబు.

విశ్వం నిర్మాణం

భూమి సూర్యుని చుట్టూ తిరుగుతోంది. సూర్యుడు పాలపుంత అనే గెలాక్సీలో ఒక నక్షత్రం. పాలపుంత అడ్డకొలత సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. అందులో కనీసం 10,000 కోట్ల నక్షత్రాలు ఉన్నాయి. మన పక్క పెద్ద గెలాక్సీ ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. గెలాక్సీలు గుంపులుగా, గుంపులు మహా సమూహాలుగా ఉంటాయి. మన దేశ శాస్త్రవేత్తలు 2017లో అలాంటి ఒక మహా సమూహాన్ని గుర్తించి దానికి 'సరస్వతి' అని పేరు పెట్టారు. అది సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.

ఈ దూరాలు ఎలా కొలిచారు? బల్బు ఎన్ని వాట్లదో తెలిస్తే, అది ఎంత మసకగా కనిపిస్తోందో చూసి ఎంత దూరంలో ఉందో లెక్క కట్టవచ్చు. సెఫీడ్ అనే రకం నక్షత్రాల వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ పెరిగి తగ్గే కాలాన్ని బట్టి దాని అసలు కాంతి ఎంతో చెప్పవచ్చని 1912లో హెన్రియెట్టా లీవిట్ చూపించారు. హార్వర్డ్ అబ్జర్వేటరీలో గంటకు ఇన్ని సెంట్లని కొద్దిపాటి కూలికి ఫోటో పలకలు పరిశీలించిన మహిళ ఆమె. ఆ సూత్రంతోనే 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్‌ను పట్టుకుని, అది పాలపుంతకు బయట ఉన్న వేరే గెలాక్సీ అని తేల్చారు. అంతవరకు పాలపుంతే మొత్తం విశ్వమని చాలామంది శాస్త్రవేత్తలు అనుకునేవారు.

నక్షత్రాల వేలిముద్ర

దూరం తెలిసింది సరే, అక్కడ ఏముందో ఎలా తెలుస్తుంది? పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు పడితే మంట పసుపుపచ్చగా వెలుగుతుంది. అది ఉప్పులోని సోడియం రంగు. ప్రతి మూలకానికీ ఇలా తనవైన రంగు గీతలు ఉంటాయి. మా నాయన రేషన్ షాపులో వేసే వేలిముద్ర ఎలా ఇంకెవరిదీ కాదో, ఈ గీతలూ అంతే. నక్షత్రం వెలుగును పట్టకంతో విడదీస్తే ఆ గీతలు కనిపిస్తాయి.

అయితే ఒక చిక్కు వచ్చింది. కొన్ని నక్షత్రాల్లో హైడ్రోజన్ గీతలు గట్టిగా ఉన్నాయి, కొన్నిట్లో కాల్షియం గీతలు. అంటే ఒక్కో నక్షత్రం ఒక్కో సరుకుతో తయారైందా? ఈ చిక్కును 1920లో విప్పిన మనిషి మేఘనాథ్ సాహా.

ఆయన 1893లో ఢాకా దగ్గరి పల్లెటూళ్ళో ఒక చిన్న దుకాణదారుడి ఇంట పుట్టారు. ఊళ్ళో పై చదువు లేక వేరే ఊరి డాక్టరు ఇంట్లో ఉండి చదివారు. ఆవును చూసుకోవాలి, తిన్న కంచం తనే కడుక్కోవాలి అన్నది అక్కడి షరతు. కలకత్తాలో కాలేజీ హాస్టల్‌లో చేరితే, కింది కులం వాడని పక్కన కూర్చుని తినడానికి తోటి విద్యార్థులు ఒప్పుకోలేదు. ఆయన వేరుగా తినవలసి వచ్చింది. ఈ వాక్యం హాస్టల్‌లో ఉండి చదువుకున్న మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

సాహా చెప్పింది ఇది: నక్షత్రం వేడిని, పీడనాన్ని బట్టి పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోతాయి. ఎన్ని పరమాణువులు కోల్పోయాయన్న దాన్ని బట్టి గీతలు మారతాయి. గీతల్లో తేడాకు ముఖ్య కారణం సరుకు కాదు, ఉష్ణోగ్రత. ఇదే సాహా సమీకరణం.

ఈ సమీకరణంతో 1925లో సిసిలియా పేన్ అనే యువతి నక్షత్రాలను లెక్కగట్టింది. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో చదువు పూర్తి చేసినా, ఆడవాళ్ళకు అప్పుడు అక్కడ డిగ్రీ ఇచ్చేవారు కాదు. అమెరికా వెళ్ళి పరిశోధన చేసింది. నక్షత్రాల్లో చాలా భాగం హైడ్రోజన్, తరువాత హీలియం అని ఆమె లెక్కలో తేలింది. అప్పటి పెద్ద శాస్త్రవేత్త హెన్రీ నోరిస్ రస్సెల్ ఇది అసాధ్యమన్నారు. దాంతో ఆమె తన ఫలితం బహుశా నిజం కాదేమోనని తన గ్రంథంలోనే రాసుకోవలసి వచ్చింది. 1929లో రస్సెల్ వేరే పద్ధతిలో లెక్క చేసి, ఆమే నిజమని ఒప్పుకున్నారు. చెప్పినవాడు ఎంత పెద్దవాడైనా చివరికి నిలిచింది కొలత.

సాగుతున్న విశ్వం

పాత సైకిల్ ట్యూబు నుంచి ఒక పట్టీ కోసి, దాని మీద అంగుళానికొకటి చొప్పున సుద్దతో గీతలు పెట్టండి. దాన్ని రెండింతలు సాగదీయండి. మొదటి గీత నుంచి చూస్తే అంగుళం దూరంలోది రెండు అంగుళాలకు, మూడు అంగుళాల దూరంలోది ఆరు అంగుళాలకు జరుగుతుంది. ఏ గీత దగ్గర నుంచి చూసినా ఇదే లెక్క. దూరంగా ఉన్నది ఎక్కువ వేగంగా పోతున్నట్టు కనిపిస్తుంది.

1929లో హబుల్ గెలాక్సీల్లో సరిగ్గా ఇదే చూపించారు. విశ్వం ఇలా సాగవచ్చని అంతకు ముందే 1922లో రష్యాలో ఫ్రీడ్‌మన్, 1927లో బెల్జియంలో లెమేత్ర్ ఐన్‌స్టీన్ సూత్రాల నుంచి రాబట్టారు. దూర గెలాక్సీల వెలుగును రాత్రుళ్ళు కూర్చుని ఫోటోలకెక్కించి హబుల్‌కు తోడుగా నిలిచినవాడు మిల్టన్ హ్యూమసన్. 14 ఏళ్ళకు బడి మానేసి, ఆ కొండ మీది అబ్జర్వేటరీకి కంచరగాడిదల మీద సామాను తోలి, తర్వాత అక్కడే ఊడ్చే పనిలో చేరిన మనిషి.

సాగుతోందంటే వెనక్కి వెళ్ళేకొద్దీ అంతా దగ్గరగా, దట్టంగా, వేడిగా ఉండేదన్నమాట. ఆ తొలి స్థితి నుంచి మొదలైన సాగుదలనే బిగ్ బ్యాంగ్ లేదా మహావిస్ఫోటనం అంటారు. పరీక్ష రాసే తమ్ముళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది ఖాళీ చోట ఒక మూల పేలిన బాంబు కాదు. అంతటా చోటే సాగింది. అందుకే విశ్వానికి నడిమధ్య అంటూ లేదు.

పొయ్యిలో మిగిలిన వెచ్చదనం

తెల్లవారి మెస్‌లోకి వెళ్ళి పొయ్యిలో బూడిద మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. రాత్రి మంట మండిందని చెప్పడానికి మనం మేలుకొని చూడనక్కరలేదు. విశ్వానికీ అలాంటి వెచ్చదనం మిగిలింది. 1964లో అమెరికాలోని న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరికి తమ రేడియో యాంటెన్నాలో ఆగని రొద వినిపించింది. అందులో గూడు కట్టిన పావురాలను తోలి, రెట్టలు కడిగినా అది పోలేదు. ఏ వైపు తిప్పినా ఒకేలా ఉంది. అది విశ్వపు తొలి వేడి నుంచి మిగిలిన వికిరణమని 1965లో తేలింది. ఇప్పుడు దాని ఉష్ణోగ్రత సుమారు మైనస్ 270 డిగ్రీల సెల్సియస్. 1978లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆదివారం సినిమా కోసం మన అన్నలు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేటప్పుడు పాత టీవీలో చుక్కలు చుక్కలుగా కదిలేది కదా, అందులోనూ ఈ తొలి వికిరణం కొద్దిపాటి ఉంది.

విశ్వ వికాసం

1. మొదటి కొన్ని నిమిషాలు: హైడ్రోజన్, హీలియం కేంద్రకాలు ఏర్పడ్డాయి. బరువులో సుమారు 75 శాతం హైడ్రోజన్, 25 శాతం హీలియం.

2. సుమారు 3,80,000 ఏళ్ళకు: వేడి 3000 డిగ్రీలకు దిగింది. ఎలక్ట్రాన్లు కేంద్రకాలతో కలిసి పరమాణువులయ్యాయి. పొగమంచు విడిపోయినట్టు వెలుగుకు దారి దొరికింది. పెంజియాస్, విల్సన్ విన్నది ఆ వెలుగునే. ఏ వేడి దగ్గర ఈ కలయిక జరుగుతుందో తేల్చే లెక్కకు మొదటి మెట్టు సాహా సమీకరణమే. వేరుగా కూర్చుని అన్నం తిన్న హాస్టల్ విద్యార్థి రాసిన లెక్క నక్షత్రాల సరుకునే కాదు, విశ్వం మొదటి వెలుగునూ చదివింది.

3. 10, 20 కోట్ల ఏళ్ళకు: మొదటి నక్షత్రాలు, ఆ వెనుక గెలాక్సీలు. 2021 డిసెంబర్ 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు, విశ్వానికి 30 కోట్ల ఏళ్ళు నిండని కాలపు గెలాక్సీలను చూసింది.

4. 460 కోట్ల ఏళ్ళ కిందట: సూర్యుడు, భూమి. సూర్యుడు ఇలాగే ఇంకా సుమారు 500 కోట్ల ఏళ్ళు వెలుగుతాడు.

ఇంకా తేలనివి

విశ్వంలో మనకు తెలిసిన పదార్థం సుమారు 5 శాతమే. 27 శాతం కృష్ణ పదార్థం, 68 శాతం కృష్ణ శక్తి. ఆ రెండూ ఏమిటో ఎవరికీ ఇంకా తెలియదు. విశ్వం సాగే వేగం రానురాను పెరుగుతోందని 1998లో కనుక్కున్నారు. ఆ వేగాన్ని రెండు పద్ధతుల్లో కొలిస్తే రెండు వేరు అంకెలు వస్తున్నాయి. ఎందుకన్నది తేలలేదు. ఈ ఖాళీలు పూరించేవాళ్ళు ఇప్పుడు ఏదో ఒక హాస్టల్‌లో తొమ్మిదో తరగతి చదువుతూ ఉండవచ్చు.

చివరగా

మనం తాగే నీళ్ళలోని హైడ్రోజన్ విశ్వం పుట్టిన తొలి నిమిషాల నాటిది. మన ఎముకల్లోని కాల్షియం, రక్తంలోని ఇనుము నక్షత్రాల్లో తయారై, అవి పేలినప్పుడు చెదిరి, ఇక్కడికి చేరినవి. మా ఊరి టీ కొట్టులో మనవాళ్ళకు గ్లాసు వేరుగా పెట్టేవారని మా తాత చెప్పేవారు. ఆ గ్లాసులోనూ ఈ గ్లాసులోనూ ఉన్నది 1380 కోట్ల ఏళ్ళ నాటి ఆ హైడ్రోజనే. ఈ లెక్క తెలిసిన రోజు మా తాత లేరు. ఉంటే ముందు ఆయనకే చెప్పేవాళ్ళం.

తమ్ముడూ, ఆ రాత్రి నువ్వు అడిగినదానికి జవాబు ఇది. అప్పుడు ఎవరూ చూడలేదు. కానీ ఆనవాళ్ళు మిగిలాయి. వాటిని చదవడం నేర్చుకున్నవాళ్ళు చూశారు. నువ్వూ నేర్చుకో. ఎవరు నవ్వినా "ఎలా తెలిసింది?" అని అడగడం మాత్రం మానకు.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)