అద్దె ఇంటి నిర్వహణ: ముక్త్యారుకు ఎంత అప్పగించవలెను?

హైదరాబాదు పాతబస్తీలోను, మెహిదీపట్నం, టోలీచౌకి వంటి పేటలలోను అద్దెల మీద ఆధారపడిన కుటుంబాలు తక్కువేమీ కావు. కింద రెండు మల్గీలు, పైన మూడు నాలుగు వాటాలు. కొడుకు జిద్దాలోనో, దమ్మాములోనో, షికాగోలోనో ఉద్యోగంలో ఉంటాడు. వృద్ధురాలైన తల్లి ఒక వాటాలో ఉండి, మిగిలిన వాటాల అద్దెతో నెల గడుపుకొంటుంది. అట్టి ఇంటికి ఎవరో ఒకరు అజమాయిషీ చేయక తప్పదు. "ఎవరికి అప్పగించవలెను?" అని అందరూ ఆలోచిస్తారు. "ఎంతవరకు అప్పగించవలెను?" అన్న ప్రశ్నను మాత్రం చాలమంది వేసుకొనరు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఏజెన్సీ అధ్యాయాన్ని పరీక్ష కొరకు చదువుతారు. ఆ అధ్యాయాన్నే ఒకసారి ఇంటి గుమ్మం దగ్గర నిలబడి చదివితే ఈ రెండవ ప్రశ్నకు చాలవరకు సమాధానం దొరుకుతుంది.

అజమాయిషీదారులు పలు రకాలు. కూలి ఆశించక చేసే బంధువు ఒకరు. కొత్త కిరాయిదారు చేరినప్పుడు ఒక నెల అద్దె పుచ్చుకొనే బ్రోకరు మరొకరు. అద్దెలో నూటికి ఇంత అని తీసుకొని సమస్తం చూచుకొనే కంపెనీలు ఇటీవల వచ్చినవి. పాత దస్తావేజులలో ఇట్టివానిని ముక్త్యారు అని వ్రాసేవారు. ఉర్దూ ముఖ్తార్ శబ్దమే ఇది. అధికారం పొందినవాడని అర్థం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం దృష్టిలో వీరందరూ ఏజెంట్లే. జీతం ఇవ్వలేదు గనుక మేనమామ ఏజెంటు కాడని అనుకొనరాదు. ఏజెన్సీకి ప్రతిఫలం అవసరం లేదని 185వ సెక్షను స్పష్టంగా చెబుతున్నది.

ఆ చట్టంలో ఇంటి యజమాని ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సెక్షన్లు రెండు ఉన్నవి. 188వ సెక్షను ప్రకారం, ఒక పని చేయుటకు అధికారం పొందినవానికి, ఆ పనికి అవసరమైన ప్రతి న్యాయసమ్మతమైన చర్యకూ అధికారం ఉంటుంది. 229వ సెక్షను ప్రకారం, వ్యవహార సందర్భంలో ఏజెంటుకు తెలియజేసినది యజమానికి తెలియజేసినట్లే. అనగా కిరాయిదారు వచ్చి "గోడ చెమ్మగిల్లుతున్నది" అని ముక్త్యారుతో చెప్పితే, రియాద్‌లోని యజమాని చెవిన వేసినట్లే లెక్క. ముక్త్యారు ఆ మాట మరచిపోయినా సరే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను మరొక అడుగు ముందుకు వేస్తుంది. యజమాని బాధ్యత అయిన మరమ్మతును నోటీసు ఇచ్చిన తరువాత తగిన వ్యవధిలో చేయించకపోతే, ఒప్పందం వేరుగా లేనంతవరకు, కిరాయిదారు తానే చేయించుకొని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చును.

కాబట్టి మనిషి మీద ఎంత నమ్మకమున్నదో అంత అప్పగించుట అనే వాడుక పద్ధతి సరియైనది కాదని నా అభిప్రాయం. నమ్మకం మనిషికి సంబంధించినది. ప్రమాదం పనికి సంబంధించినది. ప్రతి పనిని ఎదుట పెట్టుకొని రెండు ప్రశ్నలు వేయవలెను. ఇది తప్పుగా జరిగితే నాకు ఎంత ఆలస్యంగా తెలుస్తుంది? తెలిసిన తరువాత దిద్దుకొనగలనా?

మరమ్మతులతో మొదలుపెట్టుదము. కుళాయి కారుట, మోటారు చెడిపోవుట, డ్రైనేజీ పొంగుట వంటివి నిమిషాలలో నిర్ణయించవలసినవి. తప్పు జరిగినా కొన్ని వందలో వేలో పోవును, మరుసటి నెల లెక్కలోనే బయటపడును. వీటికి ప్రతిసారీ అనుమతి కోరుమనుట అవివేకం. సౌదీలో అర్ధరాత్రి దాటి నిద్రపోయిన యజమాని లేచేలోగా కింది మల్గీలో సరుకు తడిసిపోతుంది. ఒక హద్దు నిర్ణయించి, ఉదాహరణకు 5,000 రూపాయల వరకు అడగకుండ చేయించవచ్చునని, ఆపైన ఫోటో పంపి అంచనా తెలిపి సమ్మతి పొందవలెనని వ్రాసియిచ్చుట మేలు. ప్రాణానికో కట్టడానికో అపాయం ఉన్నప్పుడు హద్దు వర్తించదని కూడ వ్రాయవలెను. అత్యవసర స్థితిలో నష్టనివారణకు వివేకవంతుడు చేయదగినదంతా చేసే అధికారం ఏజెంటుకు 189వ సెక్షను ఎట్లాగూ ఇచ్చియే ఉన్నది. అతి జాగ్రత్తపరులైన యజమానులు ఇక్కడనే పొరపడుతున్నారు. చిన్న పనులన్నిటినీ గుప్పిట్లో పెట్టుకొని, అలసిపోయి, చివరకు పెద్ద కాగితం మీద చూడకుండ సంతకం చేస్తారు.

కిరాయిదారును ఎంచుట ఇందుకు భిన్నం. ఇది తప్పితే ఆరు నెలలకు గాని తెలియదు. తెలిసినా దిద్దుకొనుటకు కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చును. వెదకుట, ఇల్లు చూపుట, గుర్తింపు పత్రాలు సేకరించుట ముక్త్యారు చేయవచ్చును. "ఈతనికి ఇయ్యి" అన్న మాట మాత్రం యజమానిదే కావలెను.

ఇందుకు మరొక కారణం లెక్కలో ఉన్నది. ఒక వాటా అద్దె 14,000 రూపాయలు అనుకొందము. ముక్త్యారుకు నెలకు నూటికి 8 చొప్పున 1,120 రూపాయలు వస్తుంది. కొత్త కిరాయిదారు చేరినప్పుడు ఒక నెల అద్దె, అనగా 14,000 రూపాయలు, అదనంగా వస్తుంది. ఒక్క మార్పు పన్నెండున్నర నెలల వసూలు కమీషనుకు సమానమన్నమాట. యజమానికో? రెండు నెలలు వాటా ఖాళీగా ఉంటే 28,000 రూపాయల నష్టం. సున్నం, రంగు ఖర్చు వేరు. ముక్త్యారు దుర్మార్గుడని ఎవరూ అనుట లేదు. అయినను ఎవనికి మార్పు వల్ల లాభమో, మార్చే అధికారం కూడ వానికే ఇచ్చుట తెలివి కాదు. అద్దె వసూలుకు ఒకరిని, కొత్త కిరాయిదారును తెచ్చుటకు మరొకరిని పెట్టుకొనుట ఒక మార్గం. ఒకే వ్యక్తి కావలసివస్తే, పాత కిరాయిదారు కొనసాగిన ప్రతి సంవత్సరానికి కొంత బహుమానం ఏర్పరచుట మరొక మార్గం.

ఒప్పందపు గడువు విషయంలోను ఇదే విచక్షణ అవసరం. మన ఊళ్లలో 11 నెలల అగ్రిమెంటు ఎందుకు వ్రాస్తారో విద్యార్థులకు తెలిసియే ఉండును. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 17వ సెక్షను ప్రకారం ఒక సంవత్సరానికి మించిన లీజుకు రిజిస్ట్రేషను తప్పనిసరి. ముక్త్యారు అధికారాన్ని ఈ 11 నెలలకే పరిమితం చేయుట క్షేమం. మల్గీని తొమ్మిదేండ్ల లీజుకు ఇచ్చుట అనేది అజమాయిషీ క్రిందికి రాదు. అది దాదాపు ఆస్తిని చేయి దాటించుటయే. ముస్లిం ధర్మశాస్త్ర సంప్రదాయంలో వక్ఫు ముతవల్లీకి కూడ ఇట్టి హద్దే ఉన్నదని గమనించదగును. కోర్టు అనుమతి లేకుండ సాగుభూమిని మూడేండ్లకు, ఇతర ఆస్తిని ఒక ఏడాదికి మించి అతడు లీజుకు ఇయ్యరాదని పాఠ్యగ్రంథాలు చెబుతున్నవి.

డబ్బు సంగతి అన్నిటికంటె సున్నితమైనది. ఏజెంటు లెక్క చూపవలెనని 213వ సెక్షను, వసూలైనది చెల్లించవలెనని 218వ సెక్షను చెబుతున్నవి. అయితే తన కమీషను, చేసిన ఖర్చు మినహాయించుకొని మిగిలినది ఇచ్చే హక్కు 217వ సెక్షను అతనికి ఇస్తున్నది. వసూలూ ఖర్చూ అతని చేతిలోనే కలిసిపోతే ఏది ఎంతో తేలదు. ఈనాడు బ్యాంకు ఖాతాకు ఫోను ద్వారా చెల్లించుట చిన్న దుకాణదారుకు కూడ అలవాటే గనుక, అద్దె నేరుగా యజమాని ఖాతాకో తల్లి ఖాతాకో చేరవలెను. ముక్త్యారు పని బకాయి గుర్తుచేయుట, నెలాఖరున ఒక పట్టిక పంపుట. కమీషను వేరుగా పంపవలెను. అడ్వాన్సు సొమ్ము అయితే అసలే అతని చేతికి పోరాదు. అది కిరాయిదారుకు తిరిగి ఇయ్యవలసిన అప్పు. యజమాని విదేశ నివాసి అయితే అద్దె నుండి ఆదాయపు పన్ను మినహాయించి కట్టవలసిన బాధ్యత కిరాయిదారు మీద ఉంటుందన్న సంగతిని మొదటనే చెప్పించవలెను.

బంధువు ముక్త్యారు అయినప్పుడు చిక్కు మరొక విధంగా ఉంటుంది. "మామూను లెక్క అడుగుట ఎట్లా? ఏమనుకొంటారో" అని మేనల్లుడు నోరు మెదపడు. మామూ కూడ తన జేబునుండి ప్లంబరుకు ఇచ్చిన 800 రూపాయలు అడుగుటకు మొగమాటపడతాడు. మూడేండ్ల తరువాత ఇద్దరి మనసులోను ఎదుటివాడే బాకీ. మొదటి నెలనుండే పట్టిక పంపే అలవాటు ఉంటే ఎవరికీ చిన్నతనం ఉండదు. కొంత పారితోషికం ఏర్పరచుట కూడ మంచిదే. ఉచితంగా చేసేవానిని తొందరపెట్టుట కష్టం.

ఖాళీ చేయించుట, దావా వేయుట అన్నవి యజమాని తనవద్దనే ఉంచుకోవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కూడ ఈ గీతనే గీసింది. అద్దె పుచ్చుకొనేవానిని సైతం భూస్వామి అనే నిర్వచనంలో చేర్చిన ఆ చట్టమే, కేవలం ఏజెంటు అయినవాడు యజమాని లిఖితపూర్వక సమ్మతి ముందుగా పొందకుండ ఖాళీ చేయించుటకు దరఖాస్తు పెట్టరాదన్నది.

ఇక అధికారపత్రం. టైపు చేసి అమ్మే నమూనాలలో "అద్దెకు ఇచ్చుటకు, తనఖా పెట్టుటకు, విక్రయించుటకు" అని వరుసగా ఉంటుంది. అద్దె వసూలు కోసం విదేశం నుండి తొందరలో పంపే కాగితంలో విక్రయాధికారం చేరిపోవుట ఇట్లే. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిగే అమ్మకాలు స్వామ్యాన్ని బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తీర్పు చెప్పినది. అయినను, నిజమైన అధికారపత్రం చేతిలో ఉన్నవాడు యజమాని తరపున రిజిస్టరు దస్తావేజు వ్రాసియిచ్చుటకు ఆ తీర్పు అడ్డు కాదు. కనుక చేయవలసిన పనులను మాత్రమే పేర్కొన్న ప్రత్యేక అధికారపత్రం వ్రాయించి, భారత కాన్సులేటులో ధ్రువీకరింపజేసి పంపవలెను. అది ఇక్కడికి చేరిన మూడు నెలలలోగా స్టాంపు చేయించవలెను. ఇంటి అసలు దస్తావేజులు ముక్త్యారుకు ఇయ్యరాదు. బాకీ తీరేవరకు యజమాని కాగితాలను తనవద్ద నిలుపుకొనే హక్కు, వేరు ఒప్పందం లేనప్పుడు, 221వ సెక్షను అతనికి ఇస్తున్నది. పని తానే చేయవలసినవాడు దానిని మరొకరికి అప్పగించరాదని 190వ సెక్షనులో ఉన్నను, వ్యాపార ఆచారాన్ని బట్టి మినహాయింపు ఉన్నది. కంపెనీ పంపే కుర్రవాడు నెలకొకడు మారుతుంటే, ఎవరి పనికి ఎవరు జవాబుదారో ఒప్పందంలోనే వ్రాయించుకోవలెను.

ముక్త్యారును తొలగించినప్పుడు ఆ సంగతి కిరాయిదారులందరికీ విడివిడిగా వ్రాతమూలకంగా తెలుపవలెను. 208వ సెక్షను ప్రకారం తొలగింపు బయటివారి విషయంలో వారికి తెలిసిననాటినుండే అమలులోకి వస్తుంది. తెలియక పాతవానికే అద్దె కట్టిన కిరాయిదారును మళ్లీ కట్టుమనుటకు వీలుండదు. తండ్రి ఇచ్చిన అధికారపత్రం తండ్రి మరణంతో ముగియునని 201వ సెక్షను చెబుతున్నది. చాలమంది ఇండ్లలో ఆ పాత కాగితంతోనే ఏండ్ల తరబడి రసీదులు వ్రాస్తున్నారు. వారసులు ముందుగా తమలో తాము కూర్చుండి, అద్దె ఎవరి ఖాతాకు చేరవలెనో నిర్ణయించుకొని, అందరి సంతకాలతో కొత్త పత్రం వ్రాయించవలెను. తల్లి ఆ ఇంట్లోనే ఉంటే, నెలాఖరు పట్టిక మొదటి ప్రతి ఆమె చేతికి, ఆమె చదువగల భాషలో, అందునట్లు ఆ పత్రంలోనే వ్రాయించవచ్చును.