ప్రళయ సంగీతము: పొలమమ్మి కొనదగిన విద్య కాదు

గడచిన వేసవిలో హనుమంతునిపాడు మండలమునుండి ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చెను. ఇంటర్మీడియట్ ముగించిన ఆ పిల్లవాడు, భూకంపములును ఉప్పెనలును కథావస్తువులుగా గల ఆంగ్లచిత్రములను సెల్‌ఫోనులో చూచి చూచి, అందలి మహావాద్యబృంద సంగీతమునకు మనస్సు నర్పించినవాడు. కన్నులు మూసికొని, చెవిని మాత్రమే ఆధారముగా జేసికొని, ఎచ్చట అల లేచుచున్నదో ఎచ్చట మేడ కూలుచున్నదో చెప్పగల శక్తి అతనికి నిజముగనే కలదు. తండ్రి చేతిసంచిలో రెండు కాగితములున్నవి: ఒకటి పట్టణములోని ఒకానొక శిక్షణసంస్థవారి రంగుల కరపత్రము, రెండవది రెండెకరముల మెట్టచేని పాసుపుస్తకపు నకలు. "ఆరు నెలల కోర్సంట సార్. చేరితే మావోడు సినిమాలకు మ్యూజిక్ కొడతాడంట. చేను అమ్మమంటారా, వద్దంటారా?" అని ఆయన అడిగెను.

చేను అమ్మవలదు, పిల్లవాని నాపవలదు అని నేను చెప్పితిని. అట్టి కాగితములనే సంచిలో పెట్టుకొని తిరుగుచున్న తలిదండ్రులు మార్కాపురము, గిద్దలూరు, కనిగిరి ప్రాంతములలో నింకను పెక్కుమంది కలరు గనుక, ఆ రెండు మాటలకును గల కారణములను ఇచ్చట వివరించుచున్నాను.

నమ్మకము మారినది, తొందర మారలేదు

పాట కూడు పెట్టదనునది మన పెద్దల పాత నమ్మకము. దానివలన ఎందఱు పిల్లల హార్మోనియములు అటక యెక్కినవో లెక్కలేదు. 2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు ఆస్కారు పురస్కారము లభించిన పిమ్మట ఆ నమ్మకము తలక్రిందులై, పాట కోట్లు కురిపించునను క్రొత్త నమ్మకముగా మాఱినది. నిన్నటివఱకు పిల్లవాని చేతిలోని తబలాను లాగుకొని ఎంసెట్ పుస్తకమును పెట్టినవారే, నేడు ఆ పుస్తకమును లాగుకొని కీబోర్డును పెట్టుచున్నారు. నాడు గాని నేడు గాని పిల్లవాని నడిగినవారు లేరు.

ఆ పాట స్వరకర్త కీరవాణి ఆస్కారు వేదికపై నిలిచిన క్షణమును మాత్రమే చూచిన కన్నులకు, ఆయన సంగీత దర్శకుడు చక్రవర్తివంటి పెద్దలయొద్ద సహాయకుడుగా నుండి పని నేర్చుకొనిన కాలము గోచరింపదు. 1990లో 'మనసు మమత'తో సంగీత దర్శకుడైన నాటికిని ఆ వేదికకును నడుమ ముప్పదిమూడు సంవత్సరముల నిరంతర పరిశ్రమ యున్నది. ఆ ముప్పదిమూడేండ్లను ఆరు నెలలలో ఇచ్చెదమని చెప్పువాడు విద్యను గాక ఆశను విక్రయించుచున్నాడు.

పాట వేఱు, రీరికార్డింగ్ వేఱు

సినిమావారు రీరికార్డింగ్ అని వ్యవహరించు నేపథ్యసంగీతము పాటలు కట్టుటకంటె భిన్నమైన విద్య. 2008లో విడుదలైన 'దశావతారం' ఇందుకు మనకు చేరువనున్న నిదర్శనము. అందలి పాటలకు హిమేష్ రేషమ్మియా బాణీలు కట్టగా, నేపథ్యసంగీతమును మన దేవిశ్రీ ప్రసాద్ సమకూర్చెను. ఆ కథకు పరాకాష్ఠ 2004 డిసెంబరు 26 నాటి సునామీ. మన ప్రకాశం జిల్లా తూర్పు తీరమును సైతము తాకిన కెరటమది. ఆ కెరటమునకు స్వరము కూర్చిన యువకుడు, అంతకు పూర్వమే మాండలిన్ శ్రీనివాస్ యొద్ద శిష్యరికము చేసి, 1999లో 'దేవి' చిత్రముతో ప్రవేశించి, తొమ్మిదేండ్లు ఎడతెగక పనిచేసినవాడు. ఈ రెండు విద్యల భేదమును ప్రభుత్వమును గుర్తించినది: 2009వ సంవత్సరపు చిత్రములనుండి జాతీయ పురస్కారములలో పాటలకును నేపథ్యసంగీతమునకును వేర్వేఱు బహుమతులు ఏర్పడినవి. 2021వ సంవత్సరమునకు గాను ఆ రెండును తెలుగువారికే దక్కినవి. పాటలకు 'పుష్ప'తో దేవిశ్రీ ప్రసాద్‌కు, నేపథ్యసంగీతమునకు 'ఆర్ఆర్ఆర్'తో కీరవాణికి.

విపత్తును చూపు చిత్రమునకు సంగీతమనగా పెద్ద చప్పుడని పిల్లలు భావింతురు. అది పొరపాటు. కెరటము విఱిగిపడునప్పుడు నీటి ఘోషయు, కూలు గోడల ధ్వనియు, జనుల ఆక్రందనమును తెరనంతయు ఆక్రమించును; అప్పుడు వంద వాద్యములు మ్రోగినను వినబడునది స్వల్పము. 1974లో వచ్చిన 'ఎర్త్‌క్వేక్' చిత్రమునకు, చెవికి వినబడీ వినబడని అతినిమ్న నాదములతో ప్రేక్షకుల ఆసనములనే కంపింపజేయు సెన్‌సరౌండ్ అను యంత్రవిధానమును థియేటర్లలో అమర్చిరి. భూమి కంపించు పనిని ఆ యంత్రము చేయగా, దానితో పోటీపడి గెలువగల డోలు లోకమున లేదు. కావున స్వరకర్త పని విపత్తునకు ముందును, విపత్తునకు పిమ్మటను ఉన్నది. సముద్రము వెనుకకు తగ్గిన ఆ నిమిషములో పెద్ద తంత్రీవాద్యములు ఒకే మంద్రస్వరమును, మన తంబురా శ్రుతివలె, విడువక పట్టి నిలుపవలెను. దానిపై వేణువు ఒక్కొక్క స్వరమును తగ్గించుకొనుచు రావలెను. అల విఱుగుటకు పూర్వము ఒక్క క్షణము సమస్తమును ఆగవలెను. ఆ ఆగుటయే ప్రేక్షకుని గుండెను పట్టుకొనును. నీరు తీసిన పిదప ఒడ్డున మిగిలిన ఒక్క తల్లికొఱకు ఒక్క వయొలిన్ పలుకవలెను.

ఇందు గణితమును కలదు. తెరపై బొమ్మ సెకనుకు 24 ఫ్రేములుగా నడచును. నిమిషమునకు 72 దెబ్బల లయలో ఒక్కొక్క దెబ్బకు సరిగా 20 ఫ్రేములు వచ్చును. 30 సెకనులలో కెరటము తాకవలసియున్నచో ముప్పదియాఱు దెబ్బలు, అనగా ఆదితాళమున నాలుగున్నర ఆవర్తములు. ఆ లెక్కను వ్రేళ్లపై వేయగల పిల్లవాడు లాప్‌టాప్ లేకున్నను ఈ విద్యకు సగము సిద్ధమైనవాడే.

పెద్దలు నడచిన త్రోవ

విపత్తులను చూపు ఈ జాతి చిత్రముల సంగీతమున అగ్రగణ్యుడు జాన్ విలియమ్స్. 1972లో 'ది పొసైడన్ అడ్వెంచర్', 1974లో 'ఎర్త్‌క్వేక్', అదే సంవత్సరము 'ది టవరింగ్ ఇన్ఫెర్నో': తలక్రిందులైన ఓడ, కదలిన భూమి, మండిన మేడ అను మూడు విపత్తులకును స్వరము కూర్చినది ఆయనయే. నాటికి ఆయన వయస్సు నలువది దాటినది. అంతకు ముందు ఏమి చేసినాడన్నది మన పిల్లలు తెలిసికొనవలసిన విషయము: జూలియార్డ్ పాఠశాలలో పియానో సాధన చేసెను, సైనిక వాద్యబృందమున పనిచేసెను, హాలీవుడ్ స్టూడియోలలో ఇతరులు వ్రాసిన సంగీతమును పియానో వాద్యకారుడై వాయించెను, టెలివిజన్ ధారావాహికలకు వారము వారము వ్రాసెను. మన ఘంటసాల విజయనగరమున మధుకరము తెచ్చుకొని తినుచు సంగీతము నేర్చిన కథ తెలిసిన మనకు ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు. ఏ దేశమందైనను మొదట ఒక వాద్యము, పిదప ఇతరుల పని, ఆ తరువాతనే స్వంత పేరు. ఈ వరుసను త్రిప్పివేసి పేరునుండి ప్రారంభింపజూచినవారు వాద్యమువఱకు ఎన్నడును చేరుట లేదు.

మెట్టప్రాంతపు చెవి

పల్లెనుండి పోయినవాడు స్టూడియోలో ఏమి నిలువగలడని తలిదండ్రులు జంకుదురు. నేను దీనిని అంగీకరింపను. కృష్ణా తీరమువారికి విపత్తనగా 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. విశాఖవారికి 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్. మన పడమటి ప్రకాశమున విపత్తు గర్జింపదు. బోరులో నీరు దిగిపోవునప్పుడు శబ్దము లేదు. కంది చేను పూత రాల్చునప్పుడు శబ్దము లేదు. తాళము వేసి బెంగుళూరుకు పనికి పోయిన ఇంటియందు శబ్దము లేదు. వెలిగొండ ప్రాజెక్టు నీటికొఱకు ఎదురుచూచుచు పెరిగిన బిడ్డకు నిశ్శబ్దములలోని తారతమ్యములు తెలియును. ప్రళయమునకు స్వరము కట్టువానికి మొదట కావలసినది ఆ చెవియే, దానిని ఏ సంస్థయు విక్రయింపజాలదు.

ఆ పిల్లవానికి నేనొక పని పెట్టితిని. ఒక మార్కాపురము పలక తీసికొని, సంజె చీకటినుండి ఊరు సద్దుమణగువఱకు తన వీధిలో వినబడిన ప్రతి ధ్వనిని, అది నిలిచిన కాలముతో సహా వ్రాయుమనియు, చాలనిచోట చెఱిపి మరల వ్రాయుమనియు చెప్పితిని. అతడు పలక చాలక నోటుపుస్తకము నింపి తెచ్చెను: నీళ్ల ట్యాంకరు వచ్చిన చప్పుడు, బిందెల రాపిడి, రామమందిరములోని చెక్కభజన, ఆపైన ఏమియు లేని నలువది సెకనులు. ఆ నలువది సెకనులను అతడు ఖాళీ గీతగా గీచి, క్రింద కాలమును వేసినాడు. ఇంత ఓపికయున్న పిల్లవానిని ఆపుట పాపము. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఏ కరపత్రమును నమ్మకముందు మీ పిల్లలకు దీనిని పెట్టి చూడుడు.

ఎచ్చట మోసపోవుచున్నారు

ఇప్పుడు ఖర్చుల మాట. ఆరు నెలలలో సంగీత దర్శకుని చేసెదమను సంస్థలలో జరుగునది చాలవఱకు ఒక సాఫ్ట్‌వేర్‌ను నడుపుట నేర్పుట మాత్రమే. మీట నొక్కిన వంద వయొలిన్లు మ్రోగునట్లు ముందే నమోదుచేసిన ధ్వనులు అందులో నుండును. ఆ మ్రోతను విని పిల్లవాడు తానే సృష్టించితినని భ్రమించును, తండ్రి మురిసిపోవును. కాని అవే మీటలను నొక్కి అదే మ్రోతను తెచ్చువారు వేలమంది కలరు. ఆ మ్రోతలో ఏది వయోలాకు, ఏది చెల్లోకు చెందినదో, నిజమైన వేణువాద్యకారుడు ఒక్క ఊపిరిలో ఎంతసేపు వాయింపగలడో తెలియనివాని చేతిలో ఆ పరికరము ఎక్కువ విలువగల ఆటబొమ్మ. ఇళయరాజా 'హే రామ్' చిత్రమునకు బుడాపెస్ట్ వాద్యబృందముచేత నేపథ్యసంగీతమును వాయింపించినప్పుడు, ఆ వాద్యకారుల ముందుంచినది కాగితముపై వ్రాసిన నొటేషన్. వ్రాయుట వచ్చినవాని మాట సముద్రములు దాటును. మీట నొక్కుట మాత్రమే వచ్చినవాడు క్రొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడెల్ల మరల మొదటికి వచ్చును.

రెండవ వల, ఉద్యోగము ఖాయమను హామీ. అట్టి సంస్థలో కాలుపెట్టకముందు ఐదు ప్రశ్నలు వేయుడు: బోధించువారు ఏ చిత్రములకు ఏ పని చేసిరి? వారమునకు ఎన్ని గంటలు వాద్యసాధన? పోయిన సంవత్సరపు విద్యార్థులతో మాటాడనిత్తురా? మధ్యలో మానినచో రుసుము తిరిగి ఇత్తురని కాగితముపై వ్రాసి ఇత్తురా? ఆ పత్రమునకు ఏ విశ్వవిద్యాలయపు గుర్తింపు కలదు? ఈ ప్రశ్నలకు విసుగుకొనువారికి ఒక్క రూపాయియు కట్టవలదు. సినిమాలో అవకాశమిప్పించెదమని సొమ్మడుగువారిని గడప దాటనీయవలదు. పని ఇచ్చువాడు కూలి ఇచ్చును గాని కూలి అడుగడు.

మూడవది తలిదండ్రులు తామే పన్నుకొను వల. పదేండ్ల బిడ్డను టీవీ పోటీలవెంట త్రిప్పి, ఓడిన దినమున ఇంటిలో మౌనవ్రతము పట్టువారిని నేను చూచితిని. మైక్రోఫోను ముందు నిలుచుటకే కాళ్లు వణకు ఆ బిడ్డ, పది సంవత్సరములు మౌనముగా వ్రాసికొనుచు పెరిగినచో గొప్ప స్వరకర్త కాగలవాడేమో! మీ తొందర వానికి ఆ పదేండ్లు లేకుండ చేయుచున్నది. బంగారము తాకట్టు పెట్టి చేర్పించిన పిల్లవాడు స్వరము వ్రాయునప్పుడెల్ల తల్లి మెడను తలచుకొని వడకును. వడకు చేతినుండి సంగీతము రాదు.

నేను మెచ్చు మార్గము

మొదట ఒక వాద్యము. నా పక్షపాతము వయొలిన్‌పై. ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో మన సంగీతమును పలికినదియు, పాశ్చాత్య వాద్యబృందమున అన్నిటికంటె ఎక్కువ ఆసనముల నాక్రమించినదియు అదే వాద్యము గనుక, దానిని నేర్చినవానికి రెండు లోకముల ద్వారములును తెఱచియుండును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల, విజయవాడలోని ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాల, 1919నుండి వెలుగొందుచున్న విజయనగరము సంగీత కళాశాల: ప్రైవేటు సంస్థల రుసుముతో పోల్చిన వీని ఖర్చు బహుస్వల్పము. పాశ్చాత్య నొటేషన్ కొఱకు ట్రినిటీ సంస్థవారి ఎనిమిది గ్రేడుల పరీక్షలను ఇంటియొద్ద చదివి సంవత్సరమున కొకటిగా వ్రాయవచ్చును. ధ్వనిముద్రణయందు ఆసక్తిగలవారికి పూణేలోని చలనచిత్ర శిక్షణసంస్థయైన ఎఫ్‌టీఐఐలో మూడేండ్ల కోర్సు కలదు. ఇంటర్‌లో భౌతికశాస్త్రముతోపాటు ఏదేని డిగ్రీ అర్హత, ప్రవేశపరీక్ష తప్పనిసరి.

వీనితో సమాంతరముగా డిగ్రీని విడువరాదు. పిమ్మట స్టూడియోలో ప్రవేశించుటకు సంగీత దర్శకుని కుర్చీ ఒక్కటే ద్వారము కాదు: నొటేషన్ వ్రాయువారు, ప్రోగ్రామర్లు, వాద్యకారులు, ధ్వనిముద్రకులు, మిక్సింగ్ చేయువారు అను పెక్కు కొలువులు కలవు. వీనిలో దేనియందు స్థిరపడినను అది పరాజయము కాదు. సంగీత దర్శకుడు కాలేదు గనుక చెడిపోయినాడని బిడ్డను నిందించు తండ్రి, సాగు తెలియక పైరును నిందించు వానివంటివాడు.

ఆ రెండెకరములు ఇప్పటికిని వారివే. ఈ ఏడు కంది వేసిరి. పిల్లవాడు కనిగిరిలో డిగ్రీయందు చేరి, ఆదివారములందు బస్సులో మార్కాపురము పోయి ఒక వృద్ధ విద్వాంసునియొద్ద వయొలిన్ నేర్చుకొనుచున్నాడు. ఇంకను సరళీస్వరములయందే యున్నాడు. "ఎన్నాళ్లు పడతది సార్?" అని తండ్రి మొన్న మరల అడిగెను. పదేండ్లు పట్టునని చెప్పితిని. ఆయన కొంతసేపు ఆలోచించి, "చేను ఉంది గదా, పట్టనీండి" అనెను.