గొంతుకు తొందర లేదు
ప్రశ్నలు - జవాబులు

అమెరికన్ సొప్రానో లియొంటీన్ ప్రైస్ జీవితం గురించి గత సంచికలో రాశాక పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందులో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: ఒపెరాలో మైకు ఉండదన్నారు. అంత పెద్ద హాల్లో, అంత వాద్యబృందం మధ్య ఒక్క గొంతు ఎలా వినిపిస్తుంది? సొప్రానో అంటే గట్టిగా పాడే గాయనేనా?
- సంగీత విద్యార్థిని, విజయనగరం

జవాబు: గట్టిదనం కాదమ్మా, స్థాయి. స్త్రీల గొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిలో పలికేది సొప్రానో. మన కచేరీలో గాయని తన శ్రుతి తానే పెట్టుకుంటుంది. ఒపెరాలో ఆ వెసులుబాటు లేదు, స్వరకర్త రాసిన స్థాయిలోనే పాడాలి. అందుకే అక్కడ ముందు గొంతు తత్వం తేల్చుకుని, ఆ తర్వాతే పాత్రను ఎంచుకుంటారు. ప్రైస్‌ది స్పింటో సొప్రానో. మృదువుగా సాగుతూనే, కావలసిన చోట వాద్యాలను దాటుకుని రాగల గొంతు. ఇటాలియన్ స్వరకర్త వెర్డి ఒపెరాల్లోని నాయికలకు అది చక్కగా కుదిరింది. న్యూయార్క్‌లో ఇప్పుడున్న మెట్రొపాలిటన్ ఒపెరా హాల్లో దాదాపు 3,800 మంది కూర్చుంటారు. అరిస్తే చివరి వరుసకు పాట చేరదు. ఊపిరిని అదుపులో వదలాలి, గొంతునూ నోటినీ తెరిచి నాదం లోపల మోగేలా చేయాలి. అది ఏళ్ల తరబడి సాధనతో వచ్చేది.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. స్కూల్లో కోయిర్ టీచర్ ‘నీది మంచి సొప్రానో’ అన్నప్పటి నుంచి రికార్డింగులు పెట్టుకుని ‘అయీదా’ పాటలు పాడేస్తోంది. పాడనివ్వమంటారా?
- ఒక తల్లి, డాలస్

జవాబు: ఒపెరా నేర్చుకోనివ్వండి. ‘అయీదా’ మాత్రం ఇప్పుడే వద్దు. వెర్డి రాసిన ఆ ఒపెరాలో నాయిక పాత్రను ప్రైస్ మొదటిసారి వేదిక మీద పాడింది 1957లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు. మిసిసిప్పీ రాష్ట్రంలోని లారెల్ అనే చిన్న ఊళ్లో 1927లో పుట్టారు. తండ్రి కలప మిల్లులో పనిచేసేవారు, తల్లి మంత్రసాని. పసితనంలోనే పియానో మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లప్పుడు జాక్సన్‌లో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్ కచేరీ విన్నారు. ఒహాయోలో కాలేజీలో చేరింది సంగీతం టీచరు కావడానికే. తర్వాత న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో ఫ్లారెన్స్ పేజ్ కింబల్ దగ్గర శిష్యరికం. ఇన్ని మెట్లు ఎక్కాకే ‘అయీదా’.

పదిహేనేళ్ల గొంతు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. దాని మీద బరువైన పాత్రలు మోపితే బిగువు అలవాటైపోతుంది, తర్వాత వదిలించడం కష్టం. ఇప్పుడు చిన్న చిన్న ఇటాలియన్ పాటలు, మధ్య స్థాయిలో సాధన, కాస్త పియానో, భాషల ఉచ్చారణ చాలు. కర్ణాటక సంగీతం మానిపించకండి. శ్రుతిజ్ఞానం, లయ ఏ సంగీతంలోనైనా అక్కరకొస్తాయి. అయితే రెండు పద్ధతుల్లో గొంతు వాడే తీరు వేరు. అందుకే ఇద్దరు గురువులకూ రెండో క్లాసు సంగతి తెలిసి ఉండాలి.

ప్రశ్న: పెద్ద వేదిక మీద పాడే అవకాశం వచ్చింది. మా గురువుగారు ‘ఇంకో ఏడాది ఆగు’ అంటున్నారు. వచ్చిన అవకాశం వదులుకుంటే మళ్లీ వస్తుందా?
- ఒక గాయకుడు, వరంగల్

జవాబు: మెట్రొపాలిటన్ నుంచి మొదట పిలుపు వచ్చినప్పుడు ప్రైస్ వెళ్లలేదు. ఇంకా సమయం కాదని శ్రేయోభిలాషి పీటర్ హెర్మన్ ఆడ్లర్ చెప్పిన మాట విన్నారు. ఈలోగా 1958లో వియన్నాలో వాద్యబృంద నిర్దేశకుడు కారయాన్ నిర్వహణలో, 1960లో మిలాన్‌లోని లా స్కాలా ఒపెరా హాల్లో ‘అయీదా’ పాడారు. 1961 జనవరి 27న ‘ఇల్ ట్రొవటోరే’లో నాయికగా మెట్రొపాలిటన్ వేదిక ఎక్కారు. ఆ రాత్రి చప్పట్లు 40 నిమిషాలకు పైగా మోగాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాగని ఆగడమే గొప్ప అనుకోకు బాబూ. ఆగిన కాలంలో ఆమె పాడుతూనే ఉన్నారు. ‘ఈ ఏడాదిలో నాలో ఏది సరికావాలి?’ అని గురువుగారిని వినయంగా అడుగు. ఆయన తేల్చి చెబితే ఆగు, ఆ పని పూర్తిచెయ్యి. కారణం ఏమీ చెప్పలేకపోతే మరో పెద్ద విద్వాంసుడికి నీ పాట వినిపించి సలహా తీసుకో.

ప్రశ్న: మా పాప బాగా పాడుతుంది. నల్లగా ఉందని వేదిక మీద ముందు వరుసలో నిలబెట్టరు. ‘పాట వస్తే చాలదు, రూపం కూడా ఉండాలి’ అంటున్నారు. ఏం చెప్పను దానికి?
- ఒక తల్లి, ఒంగోలు

జవాబు: మీ ఉత్తరం చదివి మనసు కష్టమైంది. తప్పు పాపది కాదు, ఆ మాట అన్నవాళ్లది. ఇది ముందు పాపకు స్పష్టంగా చెప్పండి. ప్రైస్‌కూ ఇలాంటిదే ఎదురైంది. 1955లో అమెరికాలోని ఎన్‌బీసీ టెలివిజన్‌లో ఆమె ‘టోస్కా’ ఒపెరా పాడితే, ఆమె నల్లజాతి స్త్రీ అన్న కారణంతో అమెరికా దక్షిణ రాష్ట్రాల స్టేషన్లు కొన్ని ఆ కార్యక్రమాన్ని ప్రసారం చేయలేదు. అదే ఏడాది జనవరిలోనే మెట్రొపాలిటన్‌లో తొలి నల్లజాతి గాయనిగా మేరియన్ ఆండర్సన్ పాడారు. ఒకరు తలుపు తెరిచారు, ఇంకొకరు ఆ వేదికకే నాయిక అయ్యారు. పాపకు ఈ ఇద్దరి పాటలూ వినిపించండి. నిర్వాహకులను కలిసి ‘ముందు వరుసకు ఎవరిని, ఏ లెక్కన ఎంచుతున్నారు?’ అని నలుగురి ముందే అడగండి. పిల్లల తరఫున పెద్దలు మాట్లాడాలి.

ప్రశ్న: నేను సంగీతం టీచర్ని. పోయిన నెల కచేరీ మధ్యలో గొంతు పోయింది. ఇంకా బొంగురు తగ్గలేదు. మళ్లీ పాడాలంటే భయం, జనం ముందుకు వెళ్లాలంటే సిగ్గు.
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. బొంగురు మూడు వారాలు దాటితే స్వరపేటికను పరీక్ష చేయించాల్సిందే. అంతవరకూ పాడకండి. గుసగుసలూ వద్దు, వాటివల్లా గొంతుకు శ్రమే. క్లాసులో వీణ మీదో కీబోర్డు మీదో చూపించి పిల్లల చేత పాడించండి.

ఇక సిగ్గు సంగతి. మెట్రొపాలిటన్‌లో జేజేలు అందుకున్న ఆ 1961లోనే, శరదృతువులో ఇటాలియన్ స్వరకర్త పుచ్చినీ ఒపెరా పాడుతుండగా ప్రైస్ గొంతు మధ్యలోనే పోయింది. చివరి అంకం ఇంకో గాయని వచ్చి పాడాల్సి వచ్చింది. ప్రైస్ కొంతకాలం విశ్రాంతి తీసుకుని మళ్లీ వేదిక ఎక్కారు. ఆ తర్వాత బరువు తెలిసి పాత్రలు ఒప్పుకున్నారు. అసలును ముట్టుకోకుండా వడ్డీ మీద బతికినట్టు గొంతును వాడుకోవాలి. ఒపెరాకు ఆమె వీడ్కోలు చెప్పింది 1985 జనవరి 3న, ‘అయీదా’తోనే. అంటే గొంతు పోయిన ఆ రాత్రి తర్వాత మరో ఇరవై మూడేళ్లకు పైగా పాడారు. మీరు కూడా డాక్టరు సరేనన్నాక రోజుకు పది నిమిషాలు, మంద్ర, మధ్య స్థాయిల్లో మొదలుపెట్టండి. తార స్థాయికి తొందర లేదు.